చలినీళ్లలో జబ్బుపడ్డ కోయి చేపలు: మందు కన్నా ముందు నీళ్లు చూడండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. రెండేళ్ల కిందట కొన్న ఇంటితో పాటు పెరట్లో ఒక పాండ్ వచ్చింది. సుమారు 1500 గ్యాలన్లు, మూడున్నర అడుగుల లోతు, అందులో తొమ్మిది కోయి చేపలు. మేం కొత్తవి ఏవీ తేలేదు. ఇప్పుడు నీళ్లు 46 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నాయి. మా పాప 'లక్ష్మి' అని పిలుచుకునే తెలుపు, ఎరుపు చేప మూడు రోజులుగా మిగతావాటికి దూరంగా, అడుగున ఒక పక్కకి ఒరిగి పడుకుంటోంది. దాని రెక్కల్లో ఎర్రటి గీతలు కనిపిస్తున్నాయి. ఇంకోదానికి పక్క భాగంలో క్వార్టర్ నాణెం అంత పుండు పడి, అంచున దూదిలాంటి తెల్లటి పీచు వచ్చింది. మూడోదాని తల మీద కొవ్వొత్తి మైనం కారినట్టు చుక్కలున్నాయి. పోయిన వారం నీళ్లు తగ్గాయని హోస్‌పైప్ పెట్టి, గంట పైగా మర్చిపోయాం. ఊరి నుంచి వచ్చిన మా మామయ్యగారు కైకలూరు దగ్గర పాతికేళ్లు చేపల చెరువులు చేశారు. ఉప్పు, సున్నం, పొటాషియం పర్మాంగనేట్ వేయమంటున్నారు. మా వారేమో అన్నిటినీ గరాజ్‌లోకి తెచ్చి హీటర్ పెడదాం అంటున్నారు. చేపలు నీరసంగా ఉన్నాయని అత్తయ్యగారు రోజూ మధ్యాహ్నం మరమరాలు వేస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ముందు ఏం చేయాలి?

సమాధానం: మీరు పుండు గురించి, ఒరిగిపోయిన చేప గురించి వివరంగా రాశారు. నన్ను ఆపింది మాత్రం మధ్యలో రాసిన హోస్‌పైప్ మాట. ముందు దాని సంగతి చూద్దాం.

ఇంటి గార్డెన్ హోస్ నిమిషానికి ఎనిమిది, పది గ్యాలన్ల నీళ్లు పోస్తుంది. గంటంటే ఐదారు వందల గ్యాలన్లు. అంటే మీ పాండ్‌లో మూడో వంతుకు పైగా కుళాయి నీళ్లు ఒక్కసారిగా చేరాయి. మనం తాగే నీళ్లలో క్లోరిన్ గానీ, క్లోరిన్‌కి అమోనియా కలిపి చేసే క్లోరమిన్ గానీ లీటరుకి 4 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధన. మనకి అది ప్రమాదం కాదు. చేపకి అందులో పదో వంతు కూడా మొప్పలను కాల్చేస్తుంది. మొప్పలు కాలిన చేప గుంపు నుంచి విడిపోయి అడుగున పడుకుంటుంది. దాని రెక్కల్లో రక్తనాళాలు ఉబ్బి ఎర్రగా కనిపిస్తాయి. మీ లక్ష్మిలో కనిపిస్తున్నవి ఇవే. ఇది అంటుజబ్బు అని ఇప్పుడే అనుకోనక్కర్లేదు.

అదే క్లోరిన్ ఇంకో పని కూడా చేస్తుంది. ఫిల్టర్‌లో ఉండి, చేపలు వదిలే అమోనియాని తినే బాక్టీరియాని చంపేస్తుంది. అసలే నీళ్లు 50 డిగ్రీల కిందకి వచ్చేసరికి ఆ బాక్టీరియా సగం నిద్రలో ఉంటుంది. మీ దగ్గర క్లోరమిన్ వాడుతుంటే ఆ నీళ్లతోనే కొంత అమోనియా కూడా వచ్చి చేరుతుంది. మీరు కంగారుపడి వచ్చిన మందల్లా వేస్తే ఇప్పటికే కాలిన మొప్పల మీద మళ్లీ కాల్చినట్టవుతుంది.

కాబట్టి ఈ రోజు చేయాల్సినవి రెండే. మొదటిది, 1500 గ్యాలన్లకీ సరిపడా డీక్లోరినేటర్, అంటే క్లోరిన్‌ని విరిచేసే మందు. సీసా మీద క్లోరమిన్‌కీ పనిచేస్తుందని రాసి ఉన్నది కొనండి. వారం గడిచింది కదా అని వదిలేయకండి. క్లోరిన్ గాలికి పోతుంది కానీ క్లోరమిన్ చల్లటి నీళ్లలో చాలా రోజులు నిలబడుతుంది. రెండోది, చుక్కల మందుతో చేసే టెస్ట్ కిట్. అమోనియా, నైట్రైట్, పీహెచ్, కేహెచ్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే క్షార గుణం) నాలుగూ చూడండి. కాగితపు స్ట్రిప్స్ చాలావాటిలో అమోనియా ఉండదు, అందుకే కిట్టే కొనమంటున్నాను. అమోనియా గానీ నైట్రైట్ గానీ కనిపిస్తే, పదో వంతు నీళ్లు తీసి, డీక్లోరినేటర్ కలిపిన కొత్త నీళ్లు నెమ్మదిగా పోయండి. మర్నాడు మళ్లీ కొలవండి. కుళాయి నీళ్లు పాండ్ కన్నా వెచ్చగా ఉన్నాయో, చల్లగా ఉన్నాయో కూడా చూసుకోండి. రెండు మూడు డిగ్రీలకి మించి తేడా ఉంటే ఇంకా నెమ్మదిగా పోయండి.

ఇక మామయ్యగారి మాట. నాకు ఆయన అనుభవం మీద చాలా గౌరవం ఉంది. కోయి అంటే రంగులేసుకున్న బంగారు తీగ (కామన్ కార్ప్) చేపే కదా. ఆయన చెరువుల్లో శీలావతి, బొచ్చెలతో పాటు ఆ చేపనీ చూసే ఉంటారు. జపాన్‌లో నీగాటా కొండల్లో వరి రైతులు తిండికోసం పెంచుకున్న బంగారు తీగల్లో, రెండు వందల ఏళ్ల కిందట, అక్కడక్కడ రంగు చేపలు పుడితే వాటిని ఏరి పెంచుకుంటూ వచ్చారు. అలా వచ్చినవే ఈ కోయి. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శనతో అవి బయటి లోకానికి తెలిశాయి. చేప ఒకటే అయినా నీళ్లు వేరు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో చలికాలంలో కూడా నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటాయి. మీ 46 ఫారెన్‌హీట్ అంటే 8 డిగ్రీల సెల్సియస్. అక్కడి చేప చలికాలంలోనూ తింటుంది, తిరుగుతుంది, మందుని తట్టుకుంటుంది, పుండు మాన్పుకుంటుంది. ఇక్కడి చేప అవేవీ చేయలేని స్థితిలో ఉంది.

ఆయన చెప్పిన మూడింట్లో ఉప్పు సరైనదే, వేయండి. కారణం కూడా చెబుతాను. చేప ఒంట్లో దాదాపు ఒక శాతం ఉప్పుంటుంది, బయట మంచినీళ్లు. అందుకని నీళ్లు ఎప్పుడూ మొప్పల్లోంచి లోపలికి చొరబడుతూనే ఉంటాయి, మూత్రపిండాలు వాటిని తోడి పారేస్తూ ఉంటాయి. పుండు పడిందంటే గోడకి కన్నం పడ్డట్టే, లోపలికి వచ్చే నీళ్లు ఇంకా ఎక్కువవుతాయి. చలికి మూత్రపిండాలు కూడా మందగిస్తాయి. బయటి నీళ్లలో కాస్త ఉప్పుంటే ఆ భారం తగ్గుతుంది. నైట్రైట్ ఉంటే దాని విషాన్ని కూడా ఉప్పు అడ్డుకుంటుంది.

0.3 శాతం చాలు. అంటే వంద గ్యాలన్లకి రెండున్నర పౌండ్లు, మీ పాండ్‌కి మొత్తం 37 పౌండ్ల చిల్లర. ఒకేసారి వద్దు, మూడు భాగాలు చేసి రోజుకొకటి చొప్పున మూడు రోజులు వేయండి. బకెట్‌లో పాండ్ నీళ్లతోనే పూర్తిగా కరిగించి, చేపలు లేని వైపు చుట్టూ పోయండి. రాళ్ల ఉప్పు అలాగే విసిరితే అది అడుగున పడుతుంది, ఒరిగి పడుకున్న చేప కూడా అక్కడే ఉంది, ఒళ్లు కాలుతుంది. వాటర్ సాఫ్ట్‌నర్‌కి వాడే ఉప్పులో శుభ్రం చేసే రసాయనాలు కలపని సాదా రకం తీసుకోండి. ఫిల్టర్‌లో అమోనియాని పీల్చుకునే జియోలైట్ రాళ్లు ఉన్నాయేమో తప్పకుండా చూడండి. ఉంటే ఉప్పు వేసే ముందే తీసేయండి. ఉప్పు తగిలితే అవి పీల్చుకున్న అమోనియానంతా తిరిగి నీళ్లలోకి వదిలేస్తాయి. కలువలు, ఇతర నీటి మొక్కలు ఉంటే ఈ ఉప్పుకి కొన్ని దెబ్బతింటాయి, వీలైనవి తొట్టిలోకి మార్చండి. ఇంకో సంగతి, నీళ్లు ఆవిరైనా ఉప్పు పోదు. నీళ్లు తగ్గాయని మళ్లీ ఉప్పు కలిపితే మోతాదు పెరిగిపోతుంది. వేసిన తేదీ, ఎన్ని పౌండ్లు అన్నది గోడ మీద క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

సున్నం మాత్రం వద్దు. సున్నంతో పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ పెరిగితే నీళ్లలో ఉన్న అమోనియా విషపూరితమైన రూపంలోకి మారుతుంది. ఇప్పుడు చలి మీకు చేస్తున్న ఒకే ఒక్క మేలు, అమోనియాని కొంతవరకు నిర్వీర్యంగా ఉంచడం. సున్నం వేసి దాన్ని చెడగొట్టుకోవద్దు. కేహెచ్ బాగా తక్కువగా ఉంటే, అమోనియా సున్నాకి వచ్చాక, వంటసోడాతో కొద్దికొద్దిగా పెంచొచ్చు.

పర్మాంగనేట్ అసలే వద్దు. బురదా, నాచూ నిండిన ఎకరాల చెరువులో ఆ మందు చాలామటుకు బురద మీదే ఖర్చయిపోతుంది. మీ పాండ్‌లో అంత సేంద్రియ పదార్థం ఉండదు. మందు బలమంతా చేప జిగురు మీద, మొప్పల మీద పడుతుంది. ఫార్మలిన్ ఉన్న మందులు కూడా ఈ చలిలో ముట్టుకోకండి. మామయ్యగారికి ఇవన్నీ చెప్పేటప్పుడు ఆయన చేయగలిగిన పని ఒకటి అప్పగించండి. చేప కదలికని బట్టి దాని అవస్థ చెప్పగలిగే కన్ను పాతికేళ్ల అనుభవంతో వస్తుంది. రోజూ పొద్దున్నే ఆయన పది నిమిషాలు పాండ్ దగ్గర నిలబడి, మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయో, లక్ష్మి నిన్నటి కన్నా నిటారుగా ఉందో లేదో చూస్తే, అది ఏ టెస్ట్ కిట్టూ ఇవ్వలేని సమాచారం.

అత్తయ్యగారితో ఎలా చెబుతారో మీకే తెలుసు కానీ, మరమరాలు ఈ రోజే ఆగాలి. కోనేట్లో చేపలకి మరమరాలు వేయడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు, దాని వెనకున్న ప్రేమ నాకు అర్థమవుతుంది. ఈ చేపకి అసలు జీర్ణాశయమే ఉండదు. తిన్నది నేరుగా పొడవాటి పేగులోకి వెళ్తుంది, అక్కడే అరగాలి. 50 డిగ్రీల కింద ఆ అరుగుదల దాదాపు ఆగిపోతుంది. పేగులో నిలిచిన తిండి కుళ్లుతుంది, తినకుండా వదిలేసింది నీళ్లలో కుళ్లుతుంది. ఎండ పొద్దున చేప పైకి వచ్చి నోరు తెరిచినా వేయకండి. పై నీళ్లు కాసేపు వెచ్చబడతాయి, రాత్రికి మళ్లీ చల్లబడతాయి, చేప కడుపులో తిండి మిగిలిపోతుంది. ఒళ్లున్న కోయి నాలుగు నెలలు తినకుండా ఉండగలదు. అది దాని స్వభావం, మనం ఆకలితో మాడ్చడం కాదు.

ఇప్పుడు పుండు పడ్డ చేప. తొమ్మిదింట్లో నిజంగా ప్రమాదంలో ఉన్నది ఇదే అని నా అభిప్రాయం. దూదిలాంటి పీచు ఒక రకం నీటి బూజు. అది చచ్చిన కండ మీద వచ్చి చేరుతుంది, అంటే జబ్బుకి మూలం అది కాదు. చాలాసార్లు ఇలాంటి పుండుకి కారణం ఏరోమోనాస్ అనే బాక్టీరియా. అది ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది. సుమారు 42 నుంచి 62 డిగ్రీల మధ్య కోయి పెంచేవాళ్లు ఎందుకు భయపడతారంటే, ఆ చలిలో చేప రోగనిరోధక శక్తి పడుకుని ఉంటుంది, బాక్టీరియా మాత్రం మెలకువగా ఉంటుంది. కొన్ని పరాన్నజీవులు కూడా చలిని లెక్కచేయవు. కాస్టియా, కైలోడొనెల్లా లాంటివి చల్లటి నీళ్లలోనే చేపల్ని ఎక్కువ ఇబ్బంది పెడతాయి. అవి చర్మం మీద చేసిన గాయంలోంచి బాక్టీరియా దూరుతుంది. అవి ఉన్నాయో లేవో కంటికి కనిపించదు. చేప జిగురు కొంచెం గీకి మైక్రోస్కోప్ కింద పెడితే నిమిషంలో తెలుస్తుంది.

ఆ పనికి చేపల వైద్యం తెలిసిన వెటర్నరీ డాక్టర్ కావాలి. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫిష్ వెటరినేరియన్స్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా వెతుక్కునే వీలుంది. ఇంటికి వచ్చి పాండ్ దగ్గరే చూసేవాళ్లూ ఉన్నారు. మత్తిచ్చి పుండు శుభ్రం చేయడం, యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం వాళ్లు చేయాల్సిన పనులు. ఫీజు చూసి వెనకాడతారేమో. ఊరికే తెచ్చి పోసే మందు సీసాల ఖర్చు కలిపితే అంతే అవుతుంది, పైగా యాంటీబయోటిక్ పొడి పాండ్ మొత్తంలో కలిపితే మిగిలిన కాస్త ఫిల్టర్ బాక్టీరియా కూడా పోతుంది.

గరాజ్ ఆలోచనకి వస్తే, అన్నిటినీ తేవద్దు. ఒక్కదాన్నే, ఈ పుండు చేపనే, అదీ మీరు పద్ధతిగా చేయగలిగితేనే తెండి. నా మొదటి చలికాలంలో నేను ఇలాగే ఒక చేపని 42 డిగ్రీల నీళ్ల నుంచి తెచ్చి, ఒక్క రోజులో 70కి వేడి చేశాను. చలితో బాధపడుతోంది, వెచ్చగా ఉంచితే చాలనుకున్నాను. తొట్టిలో పాత ఫిల్టర్ లేదు, అమోనియా కొలవలేదు. మూడో రోజు పోయింది. నాకు ఆ చేప ఇప్పటికీ గుర్తుంది, అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

తెస్తే ఇలా తెండి. పశువులకి నీళ్లు పెట్టే పెద్ద ప్లాస్టిక్ తొట్టి, 150 గ్యాలన్లకి తగ్గకుండా. చేప రెండడుగులు దాటి ఉంటే 300. అందులో నింపేది పాండ్ నీళ్లే. ఫిల్టర్‌లోకి పాండ్ ఫిల్టర్ మీడియా కొంత తెచ్చి పెట్టండి, అది కూడా క్లోరిన్ దెబ్బ తిని ఉండొచ్చు కాబట్టి అమోనియా రోజూ కొలవాలి. హీటర్లు రెండు పెట్టండి, ఒకటి పాడైతే రెండోది ఆదుకుంటుంది. కరెంటు తప్పనిసరిగా జీఎఫ్‌సీఐ ప్లగ్ (షాక్ కొట్టే పరిస్థితి వస్తే వెంటనే కరెంటు ఆపేసేది) నుంచే తీసుకోండి. చుట్టూ ఫోమ్ బోర్డు కట్టకపోతే చల్లటి గరాజ్‌లో హీటర్లు చాలవు. పైన వల బిగించాలి, కోయి దూకుతుంది, పొద్దున లేచేసరికి నేల మీద ఉంటుంది. గాలి మోటారు ఆపకండి, నీళ్లు వెచ్చబడే కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. వేడి రోజుకి రెండు మూడు డిగ్రీలకి మించి పెంచకండి. 46 నుంచి 72కి చేరడానికి పది రోజులు పడుతుంది. 55, 60 దగ్గర ఆపేయడం అన్నిటికన్నా ప్రమాదం, బాక్టీరియాకి బలం వచ్చి చేపకి ఇంకా రాని మెట్టు అది. అలాగే వేగం పెంచకుండా, మెల్లగా ఆ మెట్టు దాటించేయాలి.

ఒకసారి వెచ్చబడిన చేపని మళ్లీ జనవరి నీళ్లలో వదలకూడదు. పాండ్ 60 దాటే దాకా, అంటే దాదాపు మే నెల వరకు అది మీ గరాజ్ అతిథే. ఇది చేయలేమనిపిస్తే మొహమాటపడకండి. ఆ చేపని పాండ్‌లోనే ఉంచి, ఉప్పూ నీళ్లూ సరిగా చూసి, డాక్టర్‌ని పిలవడం సగం సగం చేసిన గరాజ్ ఆసుపత్రి కన్నా మేలు.

మైనం చుక్కల చేప గురించి నిశ్చింతగా ఉండండి. మీరు వర్ణించిన తీరు చూస్తే అది కార్ప్ పాక్స్. ఒక రకం హెర్పిస్ వైరస్ వల్ల చలిలో వస్తుంది, నీళ్లు వెచ్చబడితే దానంతట అదే తగ్గుతుంది. గీకకండి, మందు రాయకండి.

మీరు కొత్త చేపలు తేలేదని రాయడం నాకు ఊరట. తెచ్చి ఉంటే వేరేగా ఆలోచించాల్సి వచ్చేది. చల్లటి నీళ్లలో చేపలన్నీ ఒకేసారి పక్కకి పడుకునేలా చేసే కార్ప్ ఎడీమా వైరస్ ఉంది. వసంతంలో నీళ్లు వెచ్చబడేటప్పుడు వచ్చే స్ప్రింగ్ వైరీమియా అనే జబ్బు 2002లో నార్త్ కరొలైనా కోయి ఫారంలో బయటపడింది, అది ప్రభుత్వానికి చెప్పి తీరాల్సిన జబ్బు. లక్ష్మి ఒక్కటే కాకుండా మరో రెండు మూడు కూడా ఒరిగిపోతే ఆలస్యం చేయకండి. ఏదైనా చేప పోతే ఫ్రీజర్‌లో పెట్టకండి, కవర్‌లో వేసి ఐస్ మధ్య పెట్టి, అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. గడ్డకట్టిన చేపలో మొప్పలు చూసి చెప్పగలిగేది చాలా తక్కువ.

లక్ష్మిని మాత్రం వలతో పట్టకండి. పట్టి చూడాలని చేయి లాగుతుంది, నాకు తెలుసు. చలిలో చేపని పరిగెత్తిస్తే ఉన్న శక్తంతా పోతుంది, వల తగిలిన చోట జిగురు ఊడుతుంది, అక్కడే కొత్త పుండు మొదలవుతుంది. క్లోరిన్ ఆగి, ఉప్పు అందితే కాలిన మొప్పలు మెల్లగా బాగుపడతాయి. చలిలో అది వారాల పని. పది రోజుల్లో అది గుంపులోకి తిరిగి వచ్చినా, కనీసం నిటారుగా నిలబడినా, దారిలో పడ్డట్టే.

రాబోయే గడ్డకట్టే రోజులకి కూడా ఇప్పుడే సిద్ధం కండి. నీళ్లు 39 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి. అందుకే పైన మంచు కట్టినా అడుగున ఆ కాస్త వెచ్చటి పొర నిలుస్తుంది, చేపలు అందులోనే తలదాచుకుంటాయి. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ అడుగున ఉంటే ఆ పొరని కలిపేసి పైకి తెస్తుంది. దాన్ని సగం లోతుకి ఎత్తి కట్టండి. వాటర్‌ఫాల్ ఉంటే ఆపేయండి, అది నీళ్లని ఇంకా చల్లబరుస్తుంది. నీళ్ల మీద తేలుతూ మంచు కరిగించే చిన్న హీటర్, డీఐసర్ ఒకటి పెట్టి మంచులో చిన్న కన్నం ఎప్పుడూ తెరిచి ఉంచండి, కుళ్లే ఆకుల గాలి అందులోంచి పోవాలి. కన్నం మూసుకుపోతే సుత్తితో కొట్టకండి, ఆ అదురు చేపకి దెబ్బలా తగులుతుంది. వేడినీళ్ల గిన్నె మంచు మీద పెడితే అదే కరుగుతుంది. ఆకులు వల గరిటెతో పైపైన తీయండి, అడుగు బురద కెలకడం మార్చి తర్వాత చూసుకుందాం.

లక్ష్మి బతుకుతుందా అని మీ పాప అడుగుతూ ఉంటుంది. తప్పకుండా బతుకుతుందని మాట ఇవ్వకండి. మనం చేయగలిగింది చేస్తున్నాం అని చెప్పండి, ఆ పనిలో తననీ కలుపుకోండి. దారం కట్టిన థర్మామీటర్ ఒకటి కొని, రెండడుగుల లోతుకి దించి, స్కూల్‌కి వెళ్లే ముందు ఆ అంకె తనతో నోట్‌బుక్‌లో రాయించండి. పక్కన తాతయ్య చూసింది కూడా ఒక మాట రాయమనండి. వారం తర్వాత ఆ పేజీ, టెస్ట్ కిట్ అంకెలు నాలుగు, పుండు ఫోటో ఒకటి నాకు పంపండి. ఫోటో పై నుంచి తీసింది చాలు, చేపని బయటికి తీయొద్దు.